డిసెంబర్ చివర్లో బుడాపెస్ట్, వియన్నా, ప్రాగ్ ప్యాకేజీ కొంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

క్రిస్మస్ సెలవుల్లో బుడాపెస్ట్, వియన్నా, ప్రాగ్ మూడూ కలిపి చూపిస్తామంటూ గ్రూప్ ప్యాకేజీలు తెగ అమ్ముతున్నారు. అలాంటిదే ఒకటి కొని మావారూ నేనూ వెళ్లొచ్చాం. ఊళ్ల మీద నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు, దేనికదే చూసి తీరాల్సిన ఊరు. ఫిర్యాదంతా అమ్మినవాళ్ల మీదే. గొడవ ఇంకా తేలలేదు కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. వచ్చాక వేరేవాళ్ల ప్యాకేజీ కాగితాలు కూడా తీసి చూశాను, అవీ ఇదే అచ్చు. వేసవిలో నడిచే ప్లాన్ తీసుకుని, డిసెంబర్ తేదీలు తగిలించి, పైన మంచు బొమ్మ వేసి అమ్మేస్తున్నారు. ఆ తేదీల్లో అక్కడ ఏది తెరిచి ఉంటుందో, ఎన్ని గంటలకు చీకటి పడుతుందో ఎవరూ చూసినట్టు లేదు. లేదా చూసే అమ్ముతున్నారు.

డిసెంబర్ 24 మధ్యాహ్నం బుడాపెస్ట్‌లో దిగాం. హంగేరీలో అసలు పండగ ఆ సాయంత్రమే. మధ్యాహ్నం దాటాక ఒక్కో దుకాణం షట్టర్ దించేస్తుంది, సాయంత్రానికి పగటి మెట్రో, ట్రాములు ఆపేసి రాత్రి సర్వీసులు మాత్రం ఉంచుతారు. జనమంతా ఇళ్లకు చేరి చేపల సూపు, గసగసాలు కూరిన రోల్స్ పెట్టుకుని కూర్చుంటారు. మా కాగితంలో ఆ రాత్రికి రాసింది 'స్థానిక రెస్టారెంట్‌లో హంగేరియన్ విందు'. తీరా ఇచ్చింది తలా ఒక అట్టపెట్టె. చల్లటి చీజ్ శాండ్‌విచ్, ఒక ఆపిల్, చిన్న జ్యూస్ డబ్బా. శాండ్‌విచ్ కవర్ మీద పెట్రోల్ బంకు స్టిక్కర్ ఇంకా అలాగే ఉంది, సగం చింపి వదిలేశారు. రెస్టారెంట్లు మూసేశారు మేడమ్, ఏం చేయమంటారు అన్నాడు టూర్ మేనేజర్. అవి ప్రతి ఏడూ అదే తేదీన మూసేస్తారు కదా బాబూ అంటే జవాబు లేదు.

మర్నాడు పార్లమెంట్ భవనం. 96 మీటర్ల ఎత్తున్న గుమ్మటం కింద హంగేరీ రాజుల పాత కిరీటం ఉంటుంది. నేను ఈ ప్యాకేజీ ఎంచుకున్నదే సగం దానికోసం. డిసెంబర్ 24, 25, 26 తేదీల్లో లోపలికి సందర్శకులను రానివ్వరు. ఇదేమీ ఆఖరి నిమిషంలో వచ్చిన అడ్డంకి కాదు, ముందే ప్రకటించి ఉంచే సెలవు. బయటి నుంచే బాగుంటుంది మేడమ్ అన్నాడు. నిజమే, బాగుంటుంది. డాన్యూబ్ అవతలి ఒడ్డు నుంచి దీపాల వెలుగులో చూస్తే అంతకన్నా అందమైన భవనం నేను చూడలేదు. కానీ అవతలి ఒడ్డున నిలబడి చూడటానికి టికెట్ అక్కర్లేదు, ప్యాకేజీ అంతకన్నా అక్కర్లేదు.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. మాకు చూపించినవాటిని ఇంటికొచ్చాక ఒక్కొక్కటే వెతికి చూస్తే దాదాపు అన్నీ ఎవరైనా ఊరికే వెళ్లి చూడగలిగేవే. బుడాపెస్ట్‌లో హీరోస్ స్క్వేర్ అనే కూడలికి టికెట్ లేదు. అక్కడే ఫిషర్‌మెన్స్ బాస్టియన్ అనే బురుజులో ఎక్కువ భాగం ఉచితం. వియన్నాలో షోన్‌బ్రున్ ప్యాలెస్ తోటలోకి నడిచి వెళ్లొచ్చు, ప్యాలెస్ గదుల్లోకి అడుగుపెట్టాలంటేనే టికెట్ కొనాలి. ప్రాగ్ కోట ప్రాంగణాలూ అంతే. టికెట్ ఉన్న ప్రతి చోటా ఏదో ఒక వంక, టికెట్ లేని ప్రతి చోటా అరగంట ఫోటోలు.

వెలుగు సంగతి కూడా చెప్పాలి. డిసెంబర్ ఆఖరులో ఈ మూడు ఊళ్లలోనూ సాయంత్రం 4 గంటలకు అటూ ఇటూగా సూర్యుడు అస్తమిస్తాడు. బస్సు పొద్దున 10కి కదిలితే చేతిలో ఉండేది ఆరు గంటలు. అందులో భోజనం, వాష్‌రూమ్‌లు, లెక్కపెట్టి ఎక్కించడాలు పోగా మిగిలేది మీరే ఊహించుకోండి. రోజుకు ఏడెనిమిది ప్రదేశాలు రాసి ఉన్న కాగితం కనిపిస్తే అది జూన్ కాగితమే.

26న వియన్నాకు బయల్దేరాం. దూరం దాదాపు 240 కిలోమీటర్లే, మూడు గంటల దారి. మధ్యాహ్నం దాకా బస్సు కదల్లేదు. కదిలాక హైవే పక్కన ఒక పెద్ద అవుట్‌లెట్ మాల్ దగ్గర షాపింగ్‌కి ఆపారు. 26 ఆస్ట్రియాలో ప్రభుత్వ సెలవు, దుకాణాలు తెరవరు. మాల్ తలుపులు వేసి ఉన్నాయి. కార్ల పార్కింగ్‌లో మా బస్సు ఒక్కటే ఉంది. అక్కడ నవ్వాలో ఏడవాలో తెలియలేదు, గ్రూపులో పిల్లలు మాత్రం హాయిగా మంచు తన్నుకుంటూ ఆడుకున్నారు.

ఈ ఆలస్యం ఎందుకు ముఖ్యమంటే, వియన్నా సిటీ హాల్ ముందు జరిగే పెద్ద క్రిస్మస్ మార్కెట్‌కి ఆ రాత్రే ఆఖరు. నవంబర్ మధ్యలో మొదలై డిసెంబర్ 26తో ముగుస్తుంది. ప్యాకేజీ కాగితం మీద పెద్ద అక్షరాల్లో ఉన్నది ఆ మార్కెట్టే, ముందు పేజీ ఫోటో కూడా దానిదే. ఊరి బయట హోటల్‌కి చేరేసరికి చీకటి పడింది. ఇప్పుడైనా తీసుకెళ్లమని గ్రూపులో సగం మంది అడిగాం. ఏడు గంటలకు హోటల్లో డిన్నర్ బుక్ అయింది, మార్చలేం, రేపు తీరిగ్గా చూద్దాం అన్నాడు.

రేపు వెళ్లాం. ట్రక్కులు వెనక్కి పెట్టి ఉన్నాయి. చలికోట్లు వేసుకున్న పనివాళ్లు చెక్క దుకాణాల పైకప్పులు విప్పి ఒకదానిమీద ఒకటి పేరుస్తున్నారు, దీపాల తీగలు నేలమీద చుట్టలు చుట్టి ఉన్నాయి. మాతో వచ్చిన ఒక పెద్దావిడ మేనేజర్‌ని పిలిచి, "ఇదేం మార్కెట్టు బాబూ, పెళ్లయ్యాక పందిరి విప్పినట్టుంది" అంది. ఫోటోలు తీసుకోండి ఆంటీ, వెనక బిల్డింగ్ చాలా బాగుంటుంది అన్నాడు ఆ మహానుభావుడు.

ఇంకో విషయం నాకు తర్వాత తెలిసి ఒళ్లు మండింది. అదే రోజు పొద్దున్నే షోన్‌బ్రున్ దగ్గర ఆపారు. ప్యాలెస్ ముందరే ఇంకో మార్కెట్ ఉంది, అది జనవరి మొదటి వారం దాకా నడుస్తుంది. మేం వెళ్లింది దుకాణాలు తెరవకముందు. ఇంకో గంట ఆగినా, సాయంత్రం అటు తిప్పినా అందరం చూసేవాళ్లం. వియన్నాలో ఏ మార్కెట్ ఏ తేదీ దాకా ఉంటుందో తెలియని మనిషికి గ్రూపుని అప్పగించి పంపారంటే ఏమనాలి?

మధ్యాహ్నానికి రాసి ఉన్నది డాన్యూబ్ నది పారే వాచౌ లోయలో నౌకా విహారం. అక్కడ మామూలు సర్వీసులు వసంతంలో మొదలై అక్టోబర్‌తో ఆగిపోతాయి, చలికాలంలో లేని నౌకను డిసెంబర్ కాగితంలో రాశారు. దాని బదులు నది పక్క రోడ్డు మీద బస్సులో తిప్పి, బోటులో వెళ్లినా ఇవే కొండలు కనిపిస్తాయన్నారు. విచిత్రం ఏమిటంటే ఏడాది పొడుగునా నడిచేది బుడాపెస్ట్‌లో రాత్రిపూట డాన్యూబ్ విహారం. దాన్ని మాత్రం ప్యాకేజీలో కలపలేదు. బస్సులోనే విడిగా యూరోల్లో నగదు వసూలు చేశారు, ఒడ్డున కౌంటర్‌లో ఉన్న ధరకు రెట్టింపు పైనే. అలాంటిది ఎదురైతే మొహమాటపడకుండా దిగి మీరే కొనుక్కోండి.

ప్రాగ్ కోట గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే మేం చూసింది కూడా క్లుప్తంగానే. నవంబర్ నుంచి మార్చి దాకా లోపలి భవనాలు సాయంత్రం 4కే మూసేస్తారు. మమ్మల్ని మూడున్నరకు తీసుకెళ్లారు. సెక్యూరిటీ లైను దాటేసరికి సెయింట్ వీటస్ కెథడ్రల్ తలుపు మూస్తున్నారు. దక్షిణం వైపు తోటలైతే శీతాకాలమంతా మూతే, అవి కూడా మా కాగితంలో ఉన్నాయి. యూదుల మ్యూజియం చూడాలనుకునేవాళ్లు శనివారం పెట్టుకోకండి, ఆ రోజు తెరవరు. బుడాపెస్ట్‌లో దోహాన్ వీధి సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం కూడా అంతే.

ఇక తిండి. ప్యాకేజీలో భోజనం ఉందిగా అని ధైర్యంగా ఉండొద్దు. మూడు ఊళ్లలోనూ మాకు దొరికింది హోటల్ హాల్లో మరిగి మరిగి చిక్కబడిన సూపు, ఉడికించిన బంగాళాదుంపలు, శాకాహారులకైతే అవే బంగాళాదుంపలు ఇంకొంచెం ఎక్కువ. మంచి తిండి తిన్నదల్లా సొంత డబ్బుతోనే. బుడాపెస్ట్‌లో లాంగోష్ దొరికితే వదలకండి. పిండిని అరచేతంత మందంగా కాకుండా పల్చగా సాగదీసి నూనెలో వేస్తారు, అంచులు పొంగి కరకరలాడతాయి, మధ్యలో మెత్తగా ఉంటుంది. పైన వెల్లుల్లి నీళ్లు రాసి, పుల్లటి మీగడ, తురిమిన చీజ్ వేసి చేతికిస్తారు. ఆ చలిలో చేతులు వెచ్చబడటానికైనా కొనాలి. ప్రాగ్‌లో మాంసం తినని వాళ్లకు బ్రెడ్ పొడి పట్టించి వేయించిన చీజ్ దాదాపు ప్రతి సాదా హోటల్లో ఉంటుంది, మా మేనేజర్‌కి ఆ సంగతి కూడా తెలియదు.

కొనుక్కు తినేచోట కూడా జేబు చూసుకోవాలి. ప్రాగ్ ఓల్డ్ టౌన్ స్క్వేర్‌లో నిప్పుల మీద తిరిగే హ్యామ్ దగ్గర బోర్డు మీద ధర 100 గ్రాములకు రాసి ఉంటుంది. మీరు ఒక ప్లేట్ అంటే వాడు కోసేది అంతకు మూడు నాలుగింతలు, బిల్లు చూశాక కళ్లు తిరుగుతాయి. ఎన్ని గ్రాములు కావాలో ముందే చెప్పండి, తూకం చూడండి. చక్కెర, దాల్చినచెక్క పొడి అద్దే గొట్టం లాంటి ట్రెడెల్నిక్‌ని ప్రాగ్ ప్రాచీన వంటకమని అమ్ముతారు. తినండి, బాగానే ఉంటుంది, కానీ ఆ ఊరికి అది ఈమధ్య వచ్చిన వ్యాపారమే. మార్కెట్లలో పంచ్ అనే వేడి పానీయం తాగితే కప్పుకు డిపాజిట్ కలిపి తీసుకుంటారు, కప్పు తిరిగిస్తే ఆ డబ్బు వెనక్కి ఇస్తారు. బుడాపెస్ట్ రెస్టారెంట్లలో బిల్లులోనే సాధారణంగా 12 నుంచి 15 శాతం సర్వీస్ చార్జి కలిపి ఉంటుంది, బిల్లు చదవకుండా మళ్లీ టిప్ ఇవ్వకండి.

హంగేరీలో ఫోరింట్, చెక్ దేశంలో కొరునా, ఆస్ట్రియాలో మాత్రమే యూరో. కార్డు మెషిన్ గానీ ఏటీఎం గానీ మీ దేశం డబ్బులో లెక్క కట్టనా అని అడిగితే వద్దని నొక్కి, స్థానిక కరెన్సీలోనే తీసుకోండి, లేకపోతే రేటు దెబ్బ గట్టిగా తగులుతుంది. ప్రాగ్‌లో కమీషన్ సున్నా అని రాసిన మనీ ఛేంజర్ల దగ్గర మోసమంతా రేటులోనే ఉంటుంది. అయితే 2019 నుంచి అక్కడ ఒక మంచి నిబంధన ఉంది: 1000 యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లోపు రసీదు చూపించి రద్దు చేసుకోవచ్చు. మా గ్రూపులో ఒకాయన ఇలాగే డబ్బు వెనక్కి తెచ్చుకున్నాడు. వీధిలో నిలబడి మంచి రేటిస్తామనేవాళ్ల జోలికి మాత్రం పోవద్దు, చెల్లని వేరే దేశాల నోట్లు అంటగడతారు.

కొనేముందు కంపెనీని అడగాల్సింది పెద్దగా లేదు. ఏ రోజు ఏ ప్రదేశానికి ఎన్ని గంటలకు చేరతారు, లోపలికి టికెట్ వాళ్లు కొంటారా లేదా, మూసి ఉంటే ఎంత డబ్బు వెనక్కిస్తారు. ఈ మూడూ ఫోన్‌లో కాదు, మెయిల్‌లో రాయించుకోండి. తర్వాత ఆ తేదీలను ఆయా ప్రదేశాల అధికారిక సైట్లలో మీరే సరిచూసుకోండి, అరగంట పని. ప్రాగ్ ఓల్డ్ టౌన్ మార్కెట్ కొన్నేళ్లుగా జనవరి 6 దాకా ఉంటోంది, కాబట్టి పండగ తర్వాత వెళ్లేవాళ్లు వియన్నా ముందు, ప్రాగ్ చివర పెట్టుకోవడమే నయం. బ్యాలెన్స్ మొత్తం టికెట్లు కన్ఫర్మ్ అయ్యాకే కట్టండి, అదీ క్రెడిట్ కార్డు మీద.

చివరి రోజు బస్సులో ఒక ఫీడ్‌బ్యాక్ కాగితం చేతికిస్తారు. ఎయిర్‌పోర్టుకి టైమవుతోంది, త్వరగా సంతకం పెట్టేయండి అంటారు. మావారు పెన్ను అడిగి, జరగనివన్నీ తేదీలతో సహా దాని మీదే రాసి, ఫోటో తీసుకుని మరీ ఇచ్చారు. ఊరికే టిక్కులు పెట్టి సంతకం చేసినవాళ్లకు ఇప్పుడు కంపెనీ అదే కాగితం పంపి, మీరు సంతృప్తిగా ఉన్నారుగా అంటోంది.

మాకు వచ్చిన జవాబు ఇది: సందర్శన వేళలను బట్టి కార్యక్రమంలో మార్పులుంటాయని షరతుల్లో రాశాం కాబట్టి బాధ్యత లేదు, మీ అభిమానానికి గుర్తుగా వచ్చే టూర్‌కి వోచర్ ఇస్తాం. మంచు తుఫాను వచ్చి రోడ్డు మూసేస్తే ఆ షరతు వర్తిస్తుందంటే ఒప్పుకుంటాను. క్యాలెండర్‌లో ఉన్న సెలవు మంచు తుఫాను ఎలా అవుతుంది? వోచర్ వద్దని రాసి, కార్డు మీద కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని బ్యాంకులో డిస్ప్యూట్ వేశాం. పార్లమెంట్, వాచౌ, ప్రాగ్ కోట టికెట్ల మేరకు, 24 రాత్రి భోజనం మేరకు అడిగాం. ఫోటోలు, కాగితం, మెయిళ్లు అన్నీ జతచేశాం.

రాబోయే డిసెంబర్‌కి వాళ్ల కొత్త కాగితం మొన్న నాకే మెయిల్‌లో వచ్చింది. 26 రాత్రి వియన్నా చేరిక, 27న సిటీ హాల్ దగ్గర క్రిస్మస్ మార్కెట్ అనే ఉంది. ముందస్తు బుకింగ్‌కి డిస్కౌంట్ కూడా ఇస్తున్నారు.