సింగపూర్‌లో ఓడ దిగాక, విమానం ఎక్కేలోపు: సామాను గొడవ

సింగపూర్‌లో పొద్దున క్రూజ్ దిగి అదే రోజు సాయంత్రం విమానం ఎక్కేవాళ్ళకి ముందుగా ఒక్క మాట. పెట్టెలు లాక్కుంటూ ఊళ్ళోకి వెళ్ళకండి. ఎవరు ఎంత భరోసా ఇచ్చినా సరే. తిన్నగా చాంగీ ఎయిర్‌పోర్టుకి పోయి, సామాను అక్కడ అప్పజెప్పి, ఆ తర్వాత ఊరు చూడటానికి రండి. ఊరు ఇటుంటే అటు వెళ్ళడమేమిటి అనిపిస్తుంది, మా మామయ్యగారు కూడా అదే అన్నారు. కానీ ఆ గంట ప్రయాణం ఆదా చేసుకోబోయిన వాళ్ళ రోజు ఎలా పాడవుతుందో మేం చూశాం.

మేం ఐదుగురం: నేను, మా ఆయన, అత్తయ్యగారు, మామయ్యగారు, పదేళ్ళ మా అబ్బాయి. పెట్టెలు ఐదు. ఓడ మీద రోజులు హాయిగా గడిచాయి. మలేషియాలో పెనాంగ్ బాగుంది, తిండికి లోటు లేదు, అత్తయ్యగారికి కళ్ళు కూడా తిరగలేదు. హైదరాబాద్ విమానం రాత్రి 7:40కి. అంటే ఓడ దిగాక దాదాపు పగలంతా మాదే.

క్రూజ్‌కి ముందు ఊళ్ళో లిటిల్ ఇండియా అనే పేటలో ఒక హోటల్లో దిగాం. ఖాళీ చేసేటప్పుడు రిసెప్షన్‌లో అడిగాను, శుక్రవారం పొద్దున ఓడ దిగి వస్తాం, సాయంత్రం దాకా పెట్టెలు పెట్టుకుంటారా అని. అక్కడి అమ్మాయి నవ్వుతూ, ‘నో ప్రాబ్లమ్ మేడమ్, తిన్నగా ఇక్కడికే వచ్చేయండి’ అంది. పక్కనే ఉన్న మా ఆయన, డబ్బులేమైనా కట్టాలా అని మళ్ళీ అడిగారు. అక్కర్లేదంది. ఆ మాట మీదే రోజంతా ప్లాన్ చేసుకున్నాం.

ఓడ దిగడం గురించి ఒకటి రెండు విషయాలు చెప్పి ముందుకెళ్తాను. పెద్ద ఓడలు ఆగేది మెరీనా బే క్రూజ్ సెంటర్‌లో. 2012లో తెరిచిన టెర్మినల్, శుభ్రంగా, విశాలంగా ఉంటుంది. ముందు రాత్రే పెట్టెలకి రంగు ట్యాగులు కట్టి గది బయట పెడితే పొద్దున టెర్మినల్లో వరసగా పేర్చి ఉంచుతారు. మనమే మోసుకుని దిగితే ముందుగా బయటపడొచ్చు, కానీ పెద్దవాళ్ళుంటే ఆ పని పెట్టుకోవద్దు. మరో సంగతి, ఓడ మలేషియా వెళ్ళి వచ్చిందంటే మీరు సింగపూర్‌లోకి కొత్తగా వస్తున్నట్టే లెక్క. వీసా మల్టిపుల్ ఎంట్రీదై ఉండాలి. ఎస్‌జీ అరైవల్ కార్డు, అంటే సింగపూర్‌లోకి వచ్చేవాళ్ళు ఆన్‌లైన్లో నింపే ఫారం, మళ్ళీ నింపాలి, అదీ దిగే రోజుతో కలిపి మూడు రోజుల్లోపు. ప్రభుత్వ సైట్లో దీనికి పైసా కట్టక్కర్లేదు. డబ్బులు అడిగే సైట్లు చాలా ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు. మా వెనక వరసలో ఉన్న ఒక కుటుంబం ఈ కార్డు నింపలేదు. అక్కడే పక్కకి నిలబడి ఫోన్లో నింపుతూ కనబడ్డారు పాపం.

మెరీనా సౌత్ పియర్ మెట్రో స్టేషన్ టెర్మినల్‌కి దగ్గరే, నడిస్తే పది నిమిషాలు. భుజాన ఒక బ్యాగు ఉన్నవాళ్ళకి అంతకంటే మంచి దారి లేదు. ఐదు పెట్టెలు, ఇద్దరు పెద్దవాళ్ళు ఉన్న మాకు అది కుదరదు. మామూలు టాక్సీలో నలుగురే ఎక్కాలి, మూడో పెట్టె డిక్కీలో పట్టదు. ఆరుగురు పట్టే బండి బుక్ చేస్తే లిటిల్ ఇండియాకి 32 సింగపూర్ డాలర్లయింది. మీటరు టాక్సీ ఎక్కేవాళ్ళు గుర్తుంచుకోండి, సెలవు కాని రోజుల్లో సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున 6 నుంచి 9:30 వరకు మీటరు మీద పావు వంతు అదనంగా పడుతుంది. ఓడలు దిగేది సరిగ్గా ఆ వేళకే.

తొమ్మిదింపావుకి హోటల్ ముందు దిగాం. రిసెప్షన్‌లో ఆ రోజు ఆ అమ్మాయి లేదు, వేరే అతను ఉన్నాడు. పేరు, పాత బుకింగ్ నంబరు చెప్పాను. కంప్యూటర్లో చూసి, ‘మీరు ఇప్పుడు మా గెస్టులు కారు కదా, ఈరోజు చెకవుట్ చేసినవాళ్ళ సామానే పెట్టుకుంటాం’ అన్నాడు. ఆ అమ్మాయి చెప్పిన మాట చెప్పాం. ఎవరు చెప్పారో తనకి తెలియదన్నాడు. మేనేజర్‌ని పిలవమంటే పదకొండింటికి గాని రాడట. అతని వెనక గదిలో పెట్టెలు నాలుగే ఉన్నాయి, తలుపు తీసే ఉంది, మాకు కనబడుతూనే ఉంది. మామయ్యగారు ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఇచ్చిన మాట తప్పితే ఆయన తట్టుకోలేరు. గొంతు పెంచకుండానే, ‘బాబూ, మీ హోటల్ మాటంటే మనిషి మాట కాదా’ అని ఇంగ్లీషులో అడిగారు. అతను సమాధానం చెప్పకుండా, రెండు షాపుల అవతల సామాను పెట్టుకునే చోటుందని చెయ్యి చూపించాడు.

అది సిమ్ కార్డులు, టూర్ టిక్కెట్లు అమ్మే షాపు. బయట బోర్డు మీద ‘లగేజ్ స్టోరేజ్, 5 డాలర్ల నుంచి’ అని ఉంది. లోపల ఒక కుర్రాడు. మా పెట్టెల్ని తూచలేదు, కొలవలేదు, కళ్ళతో చూసి అన్నీ పెద్దవేనని తేల్చాడు. పెద్దదానికి 12 డాలర్లు. మా అబ్బాయి పెట్టె ఓడ గదిలో మంచం కిందికి సులువుగా దూరిన చిన్నది. దానికీ 12. మొత్తం 60. రసీదు అడిగితే ఐదు కాగితం ముక్కల మీద నంబర్లు రాసి చేతిలో పెట్టాడు. పెట్టెలు పెట్టిన చోటు షాపు వెనక, ప్లైవుడ్ అడ్డం కట్టిన సందు. తడి గొడుగులు, కూల్‌డ్రింకు కేసులు, వాటి మీద మా పెట్టెలు. అత్తయ్యగారి పాత వీఐపీ సూట్‌కేసు పిడికి ఎర్ర రిబ్బన్ కట్టి ఉంటుంది. అతను దాని మీద సుద్దముక్కతో పెద్దగా 3 అని గీశాడు. ఆవిడ అది చూసి ఏమీ అనలేదు గాని, బయటికొచ్చాక కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. ఆ సూట్‌కేసు ఆవిడ తమ్ముడు కొనిచ్చింది.

ఎన్నింటి దాకా తీసుంటారని మా ఆయన అడిగారు. రాత్రి పది దాకా అన్నాడు. మధ్యలో మూస్తారా? మూయం.

తర్వాత కాసేపు బాగానే గడిచింది. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడికి నడిచి వెళ్ళాం. 1855 నాటి గుడి, పెద్ద గోపురం, లోపల రద్దీ లేదు. మధ్యాహ్నం గుడి మూస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్ళడం మంచిది. మాకు హారతి అందింది. అత్తయ్యగారి మొహం అక్కడ తేటపడింది. అక్కణ్ణుంచి కోమల విలాస్. 1947 నుంచి నడుస్తున్న శాకాహార హోటల్. రోజుల తరబడి ఓడ బఫేల్లో తిన్న నోటికి వేడి సాంబారు తగిలేసరికి ఎవరం మాట్లాడలేదు. మామయ్యగారు రెండోసారి రసం అడిగి పోయించుకున్నారు. ఐదుగురం కడుపునిండా తింటే 50 డాలర్లు దాటలేదు. సింగపూర్‌లో ఇది చవకే. ఆ తర్వాత ముస్తఫా సెంటర్ అనే పెద్ద షాపులో పిల్లలకి చాక్లెట్లు, అత్తయ్యగారికి కోడలి ఎంపిక అంటూ నేను కొన్న ఒక గడియారం. లోపలికెళ్ళేటప్పుడు మన చేతిసంచులకి ప్లాస్టిక్ ట్యాగు బిగిస్తారు, కంగారు పడకండి, అది అందరికీ చేసేదే.

మూడున్నరకి పెట్టెల కోసం వెళ్ళాం. షట్టర్ వేసి ఉంది. దాని మీద ‘అరగంటలో వస్తాను’ అని కాగితం. ఎప్పట్నుంచి అరగంటో రాయలేదు. ఫోన్ నంబరు లేదు. హోటల్లోకి వెళ్ళి అడిగితే, ఆ షాపుతో మాకేం సంబంధం లేదన్నాడు అదే రిసెప్షన్ మనిషి. పొద్దున చెయ్యి చూపించింది ఆ చెయ్యే.

ఎండ లేదు గాని ఉక్క. కూర్చోడానికి చోటు లేదు. మామయ్యగారు ఫుట్‌పాత్ అంచు మీద కూలబడ్డారు. ఆయన షుగరు మాత్రలు, అందరి పాస్‌పోర్టులు నా హ్యాండ్‌బ్యాగులోనే ఉన్నాయి కాబట్టి సరిపోయింది, అవి కూడా ఆ షట్టర్ వెనకుంటే ఏం చేసేవాళ్ళమో ఇప్పుడు తల్చుకున్నా గుండె దడదడలాడుతుంది. నాలుగైంది. నాలుగుంబావయింది. మా ఆయన షట్టర్ కొట్టి కొట్టి చెయ్యి ఎర్రబడింది. మా అబ్బాయి ‘అమ్మా, మనం వెళ్ళిపోదామా, పెట్టెలు వద్దు’ అన్నాడు. అప్పటికి నాకూ ఏడుపొచ్చింది.

నాలుగూ ఇరవైకి ఆ కుర్రాడు టీ కప్పుతో వచ్చాడు. సారీ అనలేదు. షట్టర్ ఎత్తి, మా కాగితం ముక్కలు చూసి, 60 డాలర్లు నాలుగు గంటలకేననీ, దాటినందుకు పెట్టెకి ఇంకో 6 కట్టాలనీ అన్నాడు. పొద్దున ఈ మాట లేదు, బోర్డు మీదా లేదు. అతను రాక మేం ఎదురుచూసిన యాభై నిమిషాలు కూడా మా లెక్కలోనే వేశాడు. పోలీసుని పిలుస్తానని మా ఆయన అన్నారు. విమానం టైము చూసుకోమన్నాడు. అతని బలం అదే. మరో 30 కట్టి పెట్టెలు బయటికి లాక్కున్నాం. మొత్తం 90 డాలర్లు, అప్పట్లో డాలరు 66 రూపాయల లెక్కన దగ్గర దగ్గర ఆరు వేలు. సాయంత్రం రద్దీలో ఎయిర్‌పోర్టుకి బండి ఇంకో 58. దారంతా ఎవరూ ఎవరితో మాట్లాడలేదు.

చెకిన్ దగ్గర మా ఓడలోనే వచ్చిన గుంటూరు వాళ్ళు కనబడ్డారు. వాళ్ళదీ అదే విమానం, వాళ్ళలోనూ పెద్దావిడ ఉన్నారు. ఓడ దిగి నేరుగా చాంగీకి వచ్చారట. ఎయిర్‌లైన్ వాళ్ళు ముందస్తు చెకిన్ ఇస్తే పెట్టెలు పొద్దున్నే వేసేశారు. దానికి రూపాయి ఖర్చు లేదు. తర్వాత మెట్రోలో ఊళ్ళోకి వెళ్ళి, తిరిగి, మూడింటికల్లా వెనక్కొచ్చి ఎయిర్‌పోర్టులోనే ఉన్న జువెల్ మాల్‌లో జలపాతం ముందు కూర్చున్నారు. నలభై మీటర్ల ఎత్తు నుంచి పడే నీళ్ళు, చుట్టూ చెట్లు, ఏసీ చల్లదనం, చూడటానికి టిక్కెట్టు లేదు. వాళ్ళ పెద్దావిడ మా అత్తయ్యగారికి ఫోన్లో ఫొటోలు చూపిస్తుంటే, ఆవిడ ‘బాగుందమ్మా’ అంటూనే ఉన్నారు. మాకు దాన్ని చూసే టైము మిగల్లేదు.

కాబట్టి వెళ్ళేవాళ్ళు ఇలా చెయ్యండి. టిక్కెట్టు కొన్నాక మీ ఎయిర్‌లైన్‌ని ఎన్ని గంటల ముందు చెకిన్ తీసుకుంటారో అడగండి, ఒక్కొక్కరిది ఒక్కో లెక్క. ముందుగా తీసుకోకపోయినా ఫర్వాలేదు, చాంగీ టెర్మినళ్ళలో బయటి భాగంలోనే సామాను భద్రపరిచే కౌంటర్లున్నాయి. ధర రాసి ఉంటుంది, రోజు లెక్కన తీసుకుంటారు, రసీదు ఇస్తారు. నాలుగు గంటల మెలిక ఉండదు. టీకి పోయి షట్టర్ వేసే మనిషి ఉండడు. అక్కణ్ణుంచి లిటిల్ ఇండియాకి మెట్రోలో సిటీ హాల్ దాకా పోయి తిప్పలు పడక్కర్లేదు. ఎయిర్‌పోర్టు తర్వాత మొదటి స్టేషన్ ఎక్స్‌పోలో దిగి డౌన్‌టౌన్ లైను ఎక్కితే తిన్నగా లిటిల్ ఇండియా. టిక్కెట్టు కొనక్కర్లేదు, మన బ్యాంకు ఇచ్చిన వీసా లేదా మాస్టర్‌కార్డు కాంటాక్ట్‌లెస్ కార్డు ఆనిస్తే చాలు. బయటి దేశం కార్డుకి రోజుకి 60 సెంట్లు అదనంగా పట్టుకుంటారు, అంతే.

ముందస్తు చెకిన్‌తో ఒక్క చిక్కుంది. ఒకే షాపులో 100 డాలర్లకి పైగా కొని జీఎస్‌టీ వెనక్కి తీసుకోవాలనుకుంటే ఆ వస్తువు పెట్టెలో వేసి పంపేయకండి. పెట్టెలో వేసే వస్తువుని కస్టమ్స్ వాళ్ళు చూపించమంటే చెకిన్‌కి ముందే చూపించాలి. 2024 నుంచి అక్కడ జీఎస్‌టీ 9 శాతం, నగలూ ఫోన్లూ కొనేవాళ్ళకి చిన్న మొత్తమేం కాదు. కొన్నవి చేతిసంచిలో ఉంచుకోండి.

హోటల్ మీదే నమ్మకం పెట్టుకోవాల్సి వస్తే, మాట కాగితం మీదో మెయిల్లోనో తీసుకోండి. పేరు, తేదీ, ఎన్ని పెట్టెలు, డబ్బులుంటే ఎంత. ఇది రాసివ్వడానికి వెనకాడే హోటల్ పెట్టెలు కూడా పెట్టుకోదు.

ఇంటికొచ్చిన మర్నాడే ఆ హోటల్‌కి జరిగిందంతా రాశాను. వారం తర్వాత జవాబిచ్చారు. మళ్ళీ వస్తే గది మీద 10 శాతం తగ్గిస్తారట. మాకా తగ్గింపు వద్దు, మీ మాట నమ్మినందుకు పోయిన 90 డాలర్లు పంపండి అని రాశాను. ఇంకా పంపలేదు. వారం వారం గుర్తు చేస్తూనే ఉన్నాను.