రాత్రి కాపలాకి ఏది మేలు: నైట్ విజనా, థర్మలా, సిమ్ కెమెరానా?

మార్చి వచ్చిందంటే శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడిపిక్కలు రాలడం మొదలవుతుంది. మే దాకా పగలు ఏరడం ఒక పని, రాత్రి కాపలా ఇంకో పని. 80 కిలోల బస్తా లెక్కన అమ్ముకునే రైతుకి రాత్రిపూట తట్టల కొద్దీ పిక్కలు పోతే ఆ ఏడాది లెక్కే తారుమారవుతుంది. బోరు మోటారు, రాగి తీగ భయం సరేసరి. అందుకే మందస, వజ్రపుకొత్తూరు, కవిటి వైపు రైతులు ఇప్పుడు చీకట్లో చూసే సామాను గురించి అడుగుతున్నారు. విజయనగరం వైపు భోగాపురం, పూసపాటిరేగ రొయ్యల చెరువుల వాళ్లదీ ఇదే ప్రశ్న.

నా మాట ముందే చెప్తాను. జీడితోటకి దారుల దగ్గర బిగించే సిమ్ కెమెరా మేలు. రొయ్యల చెరువుకి, కొబ్బరితోటకి చేత్తో పట్టుకునే థర్మల్, అంటే ఒంటి వేడిని చూసే పరికరం, మేలు. ఆన్‌లైన్లో ‘నైట్ విజన్ బైనాక్యులర్’ పేరుతో వచ్చేది దేనికీ మొదటి ఎంపిక కాదు.

ముందు ఆ నైట్ విజన్ సంగతి. సైన్యం వాడే అసలు రకంలో ఒక గొట్టం ఉంటుంది. నక్షత్రాల వెలుగు కాస్త పడినా దాన్ని వేల రెట్లు పెంచి పచ్చటి బొమ్మగా చూపిస్తుంది. అది మన ధరల్లో దొరకదు. పది, ఇరవై వేలకి వచ్చేది మామూలు డిజిటల్ కెమెరా, దాని పక్కన కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ లైటు. ఆ లైటు పడినంత మేరే చూపు. గడ్డి, కొమ్మ ఏది అడ్డొచ్చినా లైటు తిరిగి మన మీదికే కొట్టి తెర తెల్లబడుతుంది. పొగమంచు పట్టిన రాత్రి కూడా అంతే. అందులోనూ 850 నానోమీటర్ల లైటైతే బల్బు దగ్గర సన్నటి ఎర్రటి మెరుపు కనిపిస్తుంది, అటు చూసినవాడు పసిగడతాడు. 940ది ఎవరికీ కనిపించదు గాని అంత దూరం పోదు. కెమెరా కొన్నా ఈ రెండంకెలూ చూసుకునే కొనాలి.

థర్మల్ దారి వేరు. దానికి వెలుగుతో పని లేదు, ఒంటి వేడినే చూస్తుంది. అమావాస్య రాత్రి గట్టు మీద మనిషి తెల్లటి ఆకారంగా తేలిపోతాడు. ఎండాకాలం సాయంత్రం పూట మాత్రం పగలంతా కాగిన రాళ్లు, గోడలు, మోటారు షెడ్డు రేకులు కూడా వెలుగుతాయి. అర్ధరాత్రి దాటి నేల చల్లారాకే బొమ్మ తేటపడుతుంది. వానలోనూ, తీరంలోని చెమ్మగాలిలోనూ చూపు తగ్గుతుంది. కిటికీ అద్దం వెనక నుంచి చూస్తే ఏమీ కనిపించదు, ఆ వేడి కిరణాలు అద్దం దాటవు.

అమ్మేవాళ్లు గట్టిగా చెప్పని సంగతి ఒకటుంది. పెట్టె మీద 600 మీటర్లు అని రాస్తే, అంత దూరంలో ‘ఏదో ఉంది’ అని తెలుస్తుందని మాత్రమే అర్థం. 1958లో జాన్ జాన్సన్ అనే అమెరికా సైన్యపు శాస్త్రవేత్త కట్టిన లెక్క ఇప్పటికీ ఈ పరికరాలకి కొలబద్ద. ఏదో ఉందని కనిపెట్టడానికి ఆకారం మీద ఒక గీతల జత (పక్కపక్కన ఒక నల్లగీత, ఒక తెల్లగీత) విడిగా కనిపించేంత వివరం సరిపోతే, అది మనిషా జంతువా అని పోల్చడానికి నాలుగు కావాలి, ఇంకా వివరంగా గుర్తించడానికి ఆరుకి పైన కావాలి. అంటే ఆ 600 మీటర్ల పరికరం మనిషినీ ఎలుగునీ వేరుచేసి చూపించేది అందులో నాలుగో వంతు దూరంలో, సుమారు 150 మీటర్ల దగ్గరే. ఇక ముఖం థర్మల్‌లో ఎంత దగ్గరైనా పోల్చుకునేలా పడదు.

ఉద్దానంలో ఆ మనిషా, ఎలుగా అన్నదే ప్రాణం మీది ప్రశ్న. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు దాడిలో ప్రాణం పోయింది, చాలామంది గాయపడ్డారు. పనస పండే రోజుల్లో, జీడి పండు నేల మీద మాగే రోజుల్లో అవి తోటల్లోకి దిగుతాయి. ఆకుల అలికిడి విని, దొంగే అనుకుని కర్ర, బ్యాటరీ లైటు పట్టుకుని చెట్ల కిందికి పోవడం కంటే ప్రమాదం లేదు. ఏ పరికరం కొన్నా మొదట అడగాల్సింది ఇదే: నేను పాక దాటకముందే అక్కడున్నదేమిటో ఇది చెప్తుందా?

జీడితోటలో థర్మల్ చాలాసార్లు చెప్పలేదు. జీడికొమ్మలు నేలకి ఆనుకుని ఉంటాయి, ఆకుల వెనక ఉన్న వేడి దానికి అందదు. 2018 అక్టోబరు తిత్లీలో పాత చెట్లు కూలిపోయిన చోట కొత్తగా నాటినవైతే ఇంకా గుబురు. అదే కొబ్బరితోటలో నేల బయలుగా ఉంటుంది కాబట్టి మొదళ్ల నడుమ నుంచి చూపు దూరం పోతుంది. రొయ్యల చెరువు దగ్గర అడ్డేమీ ఉండదు. వల పట్టుకుని గట్టెక్కినవాడు ఏ మూల నుంచి వచ్చినా షెడ్డు దగ్గర నిలబడి నాలుగు వైపులా ఒక్క చుట్టు చూస్తే దొరుకుతాడు. అక్కడ కెమెరాలతో పని సాగించాలంటే గట్టు గట్టుకీ ఒకటి పెట్టాలి. పైగా దీపాలకి చేరే పురుగులు లెన్సు ముందు తిరిగి రాత్రంతా ఉత్తుత్తి అలారాలు మోగిస్తాయి.

గుబురు తోటలోకి వచ్చేవాడు మాత్రం ఎక్కడో ఒక దారిన రావాలి. కంప తెగిన చోటు, బండి బాట, వాగు మొగ, ఇలాంటివి తోటకి మూడు నాలుగుకి మించవు. అక్కడ సోలార్ పలకతో, సిమ్ కార్డుతో నడిచే కెమెరా ఐదారు వేల నుంచి దొరుకుతుంది. ఒంటి వేడి కదలగానే లోపలి సెన్సరు లేచి ఫోనుకి బొమ్మ పంపుతుంది. బిగించడంలో ఒక కిటుకు ఉంది: ఆ సెన్సరు ఎదురుగా నడిచి వచ్చేవాణ్ణి ఆలస్యంగా పడుతుంది, అడ్డంగా దాటేవాణ్ణి వెంటనే పడుతుంది. కాబట్టి దారికి పక్కగా, పది మీటర్ల లోపు, నడుము ఎత్తున కాకుండా చెయ్యందని ఎత్తున బిగించాలి. సాలెగూడు వారానికోసారి తుడవాలి. సిగ్నల్ సరిగా అందని చోటైతే మెమరీ కార్డులో దాచుకునే ట్రెయిల్ కెమెరా పెట్టాలి. అది ఆ క్షణాన కబురు పంపదు గాని తెల్లారాక ఎవరు వచ్చారో చూపిస్తుంది.

కెమెరాలో ముఖం పడటం కేసు కోసమే కాదు. తెల్లవారుజామున వేటకి పోయే గంగపుత్రులు తోటల్లోంచే తీరానికి అడ్డదారిన నడుస్తారు. చీకటుండగానే బహిర్దేశానికి వచ్చే ఆడవాళ్లూ ఉంటారు. థర్మల్‌లో వీళ్లూ దొంగా ఒకేలా కనిపిస్తారు. ఊరివాళ్ల మీదికి కర్రెత్తడం ఏ పిక్కల కోసమూ తగదు. కెమెరా పెడుతున్నామని, ఏ దారి మీద పెడుతున్నామో ఊళ్లో ముందే చెప్పాలి. దాని చూపు మన గట్టు దాటి పక్కింటి పెరట్లోకి పోకూడదు.

కుక్కని తీసెయ్యమని నేను చెప్పను. గాలి మన వైపు వీస్తే వచ్చినవాణ్ణి కెమెరా కంటే అదే ముందు పసిగడుతుంది. తీసెయ్యాల్సింది కరెంటు తీగ. పందుల కోసమని రాత్రి కంచెకి కరెంటు పెట్టడం నేరం, దాని మీద చెయ్యి వేసేది మన ఇంటి మనిషే కావచ్చు.

డబ్బు సంగతికొస్తే, పనికొచ్చే థర్మల్ అర లక్ష దాటుతుంది. ఒక్కడికి బరువే. పక్కపక్క తోటల వాళ్లు నలుగురైదుగురు కలిసి ఒకటి కొని, పిక్కలు రాలే మూడు నెలలూ వంతులేసుకుంటే భరించగలరు. జీడిరైతుకైనా అలా వంతులో వచ్చిన థర్మల్ అక్కరకొస్తుంది: ఫోను మోగాక, బయటికి అడుగు పెట్టేముందు బాట మీద నలుపక్కలా చూసుకోవడానికి. సొంత డబ్బు మాత్రం ముందు కెమెరాల మీదే పెట్టాలి.

బొమ్మలో మనిషి పడితే వెంటపడొద్దు, 112కి ఫోను చెయ్యండి. అక్రమ ప్రవేశం భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ కిందికి, దొంగతనం 303 కిందికి వస్తాయి. వీడియో కోర్టులో నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచెయ్యాలి. అందుకని వాట్సాప్‌లో తిప్పిన కాపీతో సరిపెట్టుకోకుండా, మెమరీ కార్డులోని అసలు ఫైలు చెరపకుండా ఆ కార్డునే తీసి దాచండి, కెమెరాలో కొత్త కార్డు వెయ్యండి. కెమెరాలో తేదీ, టైము సరిగా ఉన్నాయో లేదో బిగించిన రోజే చూసుకోండి.