అమ్మ రేడియేషన్ కోసం అగనంపూడిలో ఆరు వారాలు

అమ్మకి అంగిట్లో క్యాన్సర్ అని తేలేసరికి మూడు నెలలు గడిచిపోయాయి. మొదట చూపించిన చోట నోటిపూత అని జెల్ ఇచ్చి పంపేశారు. ఆ మూడు నెలలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు. మా శ్రీకాకుళం తీరంలో పెద్దవయసు ఆడవాళ్లకి అడ్డపొగ అలవాటు. చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు, ఆ వేడీ పొగా నేరుగా అంగిటికే తగులుతాయి. అమ్మ పెళ్లికి ముందే మొదలుపెట్టింది. మీ ఇంట్లో అలా కాల్చేవాళ్లుంటే, నోట్లో తెల్లమచ్చో మానని పుండో కనబడితే రెండు మూడు వారాలకి మించి ఆగకండి. క్యాన్సర్ డాక్టరుకి చూపించండి.

ఎక్కడికి తీసుకెళ్లాలన్న దగ్గర ఇంట్లో తలో మాట. బావగారు హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి అన్నారు, మావయ్య ముంబై టాటా అన్నాడు. చివరికి విశాఖ దగ్గర అగనంపూడిలో ఉన్న హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లాం. అది కూడా టాటా మెమోరియల్ సెంటర్ నడిపేదే. ఆపరేషన్ ఒక్కటే అయితే ఎంత దూరమైనా పోవచ్చు. కానీ తర్వాత రేడియేషన్ 30 సిట్టింగులన్నారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకటి, అంటే ఆరు వారాలు. అన్నాళ్లూ అమ్మ తన యాస వినబడే చోటే ఉండాలనుకున్నాం.

ప్రయాణం సంగతి. పలాసలో రైలెక్కితే విశాఖలో దిగకండి, దువ్వాడలో ఆగే రైలు చూసుకోండి. అక్కడి నుంచి ఆటోలో కొద్దిసేపే. క్యాన్సర్ పేషెంటుకి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో టికెట్ ఉచితం, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ. ఆసుపత్రి వాళ్లు ఫారం మీద సంతకం, ముద్ర వేసి ఇవ్వాలి, కౌంటర్లో టికెట్ తీసుకోవాలి. ఇది తెలియక మేం మొదటి రెండు సార్లు పూర్తి డబ్బు పెట్టాం.

ఇక బస. ముందు హైవే పక్కన లాడ్జిలో దిగాం, రోజుకి 900. గది శుభ్రంగానే ఉంది, ఏసీ ఉంది. కానీ రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, వంటకి ఒప్పుకోరు. హోటల్ ఇడ్లీ ఎంత మెత్తగా చిదిపినా అమ్మకి గొంతు దిగేది కాదు. అయిదు రోజులకే ఖాళీ చేశాం.

తర్వాత ఎంవీపీ కాలనీలో పిన్ని వాళ్లింటికి వెళ్లాం. పిన్ని ప్రేమకి వంక పెట్టలేను. అయితే ఆసుపత్రికి వెళ్లడానికి గంటకి పైగా, రావడానికి మళ్లీ అంత. పైగా రోజూ ఎవరో ఒకరు చూడ్డానికి వచ్చేవాళ్లు. ఆపరేషన్లో అంగిటి ముక్క తీసేసి, ఆ ఖాళీ మూయడానికి ఒక ప్లేటు పెట్టారు. అది సరిగ్గా కూర్చోని రోజున తాగిన గంజి ముక్కులోంచి వచ్చేసేది. నలుగురి ముందు అలా జరిగితే అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని గదిలోకి వెళ్లిపోయేది. ఒక పూట తాగడమే మానేసింది. మర్నాడే మకాం మార్చాం.

మూడోది అగనంపూడిలోనే ఒక పోర్షన్. కింద అంతస్తు, ఒక గది, చిన్న వంటిల్లు, నెలకి 6,000. ఏసీ లేదు, రాత్రి దోమలు. అయినా ఎవరు అడిగినా నేను ఇలాంటిదే చెప్తాను, ఎందుకంటే అక్కడ పొయ్యి ఉంది. చోడి (రాగి) అంబలి పలచగా కాచి, గుడ్డలో వడకట్టి, రెండు గంటలకోసారి గ్లాసుడు పట్టేదాన్ని. మూడో వారం నుంచి నోరంతా పుళ్లు. డాక్టరు చెప్పినట్టు నీళ్లలో ఉప్పు, వంటసోడా కలిపి పుక్కిలించడమూ ఇంట్లో అయితేనే వేళకి సాగుతుంది.

తిండికి ఇంత పట్టుబట్టడానికి ఇంకో కారణం రేడియేషన్ అప్పుడు తొడిగే మాస్కు. వేడినీళ్లలో మెత్తబడిన తెల్లటి జల్లెడలాంటి ప్లాస్టిక్‌ని ముఖం మీద అదిమి అచ్చు తీస్తారు. రోజూ దాన్ని తొడిగి, తల కదలకుండా బల్లకి బిగిస్తారు. మనిషి బాగా చిక్కిపోతే మాస్కు వదులైపోతుంది, మళ్లీ కొత్తది చేయాల్సి రావచ్చు. మొదటిరోజు బయటికి వచ్చినప్పుడు అమ్మ బుగ్గల మీద గళ్లు గళ్లుగా అచ్చులు. "వలలో పడ్డ చేపనాగున్నానేటే?" అంది ముక్కుతో. అచ్చులు పోయేదాకా ఆ బుగ్గలు నిమురుతూ కూర్చున్నాను.

శని, ఆదివారాలు సెలవు కదా అని ఒకసారి ఊరెళ్లాం. ఆ అలసట నుంచి తేరుకోవడానికి మూడు రోజులు పట్టింది, మళ్లీ వెళ్లలేదు. బదులుగా ఒక ఆదివారం తెల్లవారుజామున ఆటో మాట్లాడుకుని అప్పికొండ వెళ్లాం. రేడియేషన్ పడే చర్మానికి ఎండ తగలకూడదు కాబట్టి పొద్దెక్కకముందే వెళ్లాం. సోమేశ్వరుడికి దండం పెట్టుకుని ఒడ్డున కూర్చున్నాం. సముద్రం పక్కన పుట్టిన మనిషి, నెల రోజులుగా చూడలేదు. ఆ రోజు అంబలి రెండు గ్లాసులు తాగింది.

రేడియేషన్ అయ్యాక కొన్ని నెలలకి పుళ్లు మాని, కొత్త ప్లేటు కొలత తీసి చేసిచ్చారు. అది పెట్టుకోగానే తమ్ముడికి ఫోన్ చేయమంది. "అన్నం తిన్నావేట్రా?" అని అడిగింది, ముక్కు పలుకు లేకుండా. వాడు అవతల చాలాసేపు మాట్లాడలేదు.

వచ్చే నెల మళ్లీ చెకప్. ఆ పోర్షన్‌లో వేరే పేషెంటు వాళ్లున్నారట, ఆ రాత్రికి తన హాల్లో పడుకోమంది ఇంటావిడ. అమ్మ ఆవిడ కోసం పలాస జీడిపప్పు కిలో తెప్పించి డబ్బాలో పోసి ఉంచింది.