బెంగళూరు జయనగరలో ట్రెక్కింగ్ సామాన్లు అద్దెకిచ్చే దుకాణం

జూలైలో కుద్రేముఖ్, డిసెంబరులో కేదార్‌కంఠ అని చెప్పగానే కౌంటరులోని కడప ఆయన నవ్వి, "రెండు జాబితాలు రాసుకోండి సార్" అన్నాడు. ఒకటి 1,894 మీటర్ల ఎత్తున వానలో నానే పశ్చిమ కనుమల శిఖరం, మరొకటి దాదాపు 3,800 మీటర్ల ఎత్తున ఉత్తరాఖండ్ మంచు. మొదటిదానికి జలగలు పట్టకుండా మోకాళ్ల దాకా తొడుక్కునే గుడ్డ మేజోళ్లు, రెండోదానికి మందపాటి వెచ్చని కోటు, బూట్ల కింద బిగించే ఇనుప ముళ్లు.

బూట్ల దగ్గర ఆయన ఓపిక చూడాలి. లేసులు కట్టకుండానే కాలివేళ్లను ముందుకు తోయమన్నాడు. మడమ వెనక వేలు దూరకపోతే సైజు మార్చాడు. ఆపై ఏటవాలు చెక్క మీద నుంచి దించాడు. దిగేటప్పుడు వేళ్లు ముందుకు గుద్దుకుంటే గోళ్లు నల్లబడతాయట. కొత్త బూట్లు కొన్నచోట కూడా నాకు ఇంత మర్యాద దక్కలేదు!

కుద్రేముఖ్‌కు అటవీశాఖ అనుమతి ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవాలనీ, వారాంతాలకు తొందరపడాలనీ ఆయనే గుర్తుచేశాడు.

ఇక చిరాకులు. తలకు కట్టుకునే లైటులో బ్యాటరీలు సగం చచ్చినవే. కోటు జిప్పు మెడ దగ్గర మొరాయిస్తుంది, తీసుకునే ముందే లాగి చూడండి. డిపాజిట్ వాపసుకు రెండుసార్లు ఫోను చేయించుకున్నారు. అద్దె మాత్రం న్యాయంగానే ఉంది. శనివారం సాయంత్రం వెళ్లకండి, నిలబడడానికి చోటుండదు.