వృద్ధుల హోమ్‌లో సింగిల్ రూమా, ఇద్దరుండే రూమా?

నాతో పనిచేసి రిటైరైన టీచర్లు, హనుమకొండలో మా పాత గల్లీవాళ్లు ఈ మధ్య ఫోన్ చేస్తే, ఆరోగ్యం ఎట్లుంది అని అడిగాక వచ్చే ప్రశ్న ఒకటే. సింగిల్ రూమ్ తీసుకోవాల్నా, షేరింగ్ తీసుకోవాల్నా? హోమ్‌కు రావాలా వద్దా అని ఎవరూ అడగడం లేదు, అది పిల్లలతో మాట్లాడుకుని తేల్చుకున్నాకే నాకు ఫోన్ చేస్తున్నారు. అందరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాస్తే నయమనిపించింది.

ముందే చెప్తున్నా, నేనుండేది షేరింగ్‌లో. నా పెన్షన్‌తో సింగిల్ కట్టుకోగలను, పిల్లలు కూడా సింగిలే తీసుకోమన్నారు, అయినా ఇద్దరుండే రూమే అడిగి తీసుకున్నా. కాబట్టి నా మొగ్గు ఎటో తెలిసే చదవండి. కానీ సింగిల్‌లో ఉన్నవాళ్లతో రోజంతా కలిసి తిరుగుతా, వాళ్ల సుఖం వాళ్లకుందని కళ్లారా చూస్తున్నా.

చాలామంది రూమ్‌ని పగటి లెక్కన చూస్తున్నారు. కిటికీ ఎటుంది, బీరువా ఎంతుంది, టీవీ పెట్టుకోవచ్చా, మనవళ్లు వస్తే కూర్చోబెట్టే జాగా ఉందా అని. కానీ హోమ్‌లో పగలు రూమ్‌లో ఉండేదెవరు? పొద్దున ఐదున్నరకు చాయ్ అంటే అందరం డైనింగ్ హాల్లోనే. తర్వాత నడవగలిగినవాళ్లు కాంపౌండ్‌లో నడుస్తారు, మిగతావాళ్లు వరండాలో పేపర్ చదువుతారు. పేపర్ ఒకటే, చదివేవాళ్లు పదిమంది, అందుకే ఒకరు పైకి చదువుతుంటే మిగతావాళ్లు వింటారు. టిఫిన్, బీపీ చూడటం, స్నానాలు, పన్నెండున్నరకు అన్నం, ఓ కునుకు, నాలుగింటికి మళ్లీ చాయ్. సాయంత్రం కొందరు భజనకు, కొందరు సీరియల్‌కు. బతుకమ్మ రోజులొస్తే తంగేడు, గునుగు పూలు తెప్పించుకుని సింగిల్‌వాళ్లూ షేరింగ్‌వాళ్లూ ఒకే తాంబాళం చుట్టూ కూర్చుంటారు. పగటిపూట ఏ రూమ్‌లో ఉన్నా రోజు ఒక్కలాగే గడుస్తుంది.

తేడా వచ్చేది రాత్రి. వంటవాళ్లు ఇళ్లకు పోవాలి కాబట్టి ఏ హోమ్‌లోనైనా అన్నం పెందలాడే పెట్టేస్తారు. ఏడున్నరకు తిని ఎనిమిదిన్నరకు తలుపులేసుకుంటే మళ్లీ మనిషి ముఖం చూసేది పొద్దున చాయ్ దగ్గరే. అంటే తొమ్మిది గంటల రాత్రి. ఈ వయసులో నిద్ర ఒక్క దఫాగా పట్టదు, మూత్రానికి రెండు మూడుసార్లు లేవాల్సి వస్తుంది. బీపీ గోలీలు వేసుకునేవాళ్లకు, మగవాళ్లలో ప్రొస్టేట్ గోలీలు వేసుకునేవాళ్లకు పడుకున్నవాళ్లు ఒక్కసారి లేచి నిలబడితే బీపీ దిగి కళ్లు తిరగొచ్చు. చీకటి, తడి నేల, నిద్రమత్తు కూడా దానికి తోడైతే చెప్పేదేముంది. పడితే తుంటి ఎముక. తుంటి విరిగితే ఆపరేషన్, కోలుకోవడానికి నెలలు, చాలామంది మళ్లీ మునుపటిలా నడవలేరు.

షుగర్ సంగతి ఇంకో రకం. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు, గ్లిమిపిరైడ్ లాంటి గోలీలు వేసుకునేవాళ్లకు రాత్రి సరిగ్గా తినకపోతే తెల్లారుజామున షుగర్ పడిపోవచ్చు. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తేడాగా వస్తుంది. ఆ సమయంలో తనకేమవుతుందో ఆ మనిషికే తెలియదు, పక్కనున్నవాళ్లకే తెలుస్తుంది. మెలకువగా ఉండి మింగగలిగితే గ్లూకోజో చక్కెర నీళ్లో తాగించి, ఆయాను పిలవాలి. మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఇవన్నీ చూడాలంటే రూమ్‌లో ఇంకో మనిషి ఉండాలి కదా.

బెల్లు ఉంటుంది కదా అంటారు. ఉంటుంది, మంచం తలాపున. పడేదేమో బాత్రూమ్‌లో. మా వరుసలోనే సింగిల్‌లో ఉండే ఒక పెద్దమ్మ రాత్రి బాత్రూమ్‌లో జారిపడి పొద్దున చాయ్‌కు రాకపోతే గానీ ఎవరికీ తెలియలేదు. బాత్రూమ్ తలుపు లోపలికి తెరుచుకునేది, ఆమె దానికి అడ్డంగా పడి ఉంది, బయటినుంచి నెడితే ఆమెకే తగులుతుంది. గట్టిగా నెట్టలేరు, వదిలేయలేరు. ఆమె బతికింది, ఇప్పుడు వాకర్‌తో నడుస్తోంది. కానీ ఎన్ని గంటలు ఆ తడి నేల మీద ఉందో తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది.

ఇక నా రూమ్ సంగతి. నాతో ఉండేది పరకాల వైపు నుంచి వచ్చిన వ్యవసాయం ఇంటి మనిషి, నాకన్నా పెద్దది. ఇద్దరం ఒకరినొకరం వదినే అనే పిలుచుకుంటాం. ఆమెకు చదువు లేదు, నాకు పొలం పని తెలియదు, పగలు మేం కలిసి కూర్చునేది కూడా తక్కువే. కానీ రాత్రి నేను మంచం దిగగానే, ఆమె కళ్లు తెరవకుండానే, "ఏంది వదినే, పోతున్నవా? లైటెయ్" అంటుంది. నేను వేస్తా. గోడ పట్టుకుని పోతా. తిరిగొచ్చి మంచమెక్కేదాకా ఆమె అటు తిరిగి పడుకోదు. నేనూ అంతే, ఆమె లేస్తే చెవి అటే ఉంటుంది. బాత్రూమ్ గడియ పెట్టకూడదని ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం. తలుపు దగ్గరికి వేస్తాం, అంతే. నా దిండు పక్కన ఆమె గ్లూకోజ్ డబ్బా ఉంటుంది, షుగర్ ఆమెకు గనక.

షేరింగ్‌లో కష్టాలు లేవా అంటే బోలెడున్నాయి. గురక ఒకటి. నిద్ర తేలికైనవాళ్లకు అది నిజంగా నరకం, రోజుల తరబడి నిద్ర లేకపోతే పగలు తూలుతారు, అది మళ్లీ పడటానికే దారి. ఫ్యాన్ సంగతి చెప్పక్కర్లేదు, ఒకరికి ఐదు మీద తిరగాలి, ఒకరికి మోకాళ్లు గుంజుతాయి, ఏప్రిల్ మే నెలల్లో మన వరంగల్ ఎండలకు ఏసీ పెడితే ఆ తగాదా ఇంకా ముదురుతుంది. ఒకరు నాలుగింటికే లేచి దేవుని పాటలు పెడతారు. చెవి మిషన్ తీసేసి టీవీ చూసేవాళ్లతో ఉంటే ఇంకో టెన్షన్. అమెరికాలో ఉన్న కొడుకుతో వీడియో కాల్‌లో ఇంటి గొడవ మాట్లాడాలంటే బయటకు పోవాలి. ఆదివారం రూమ్‌కు తెచ్చుకున్న చికెన్ వాసన ఒకరికి పడకపోవచ్చు.

వీటన్నిటికన్నా పెద్దది ఇంకొకటుంది. భర్తో భార్యో పోయిన కొత్తలో హోమ్‌కు వచ్చినవాళ్లకు ఏడ్వడానికి ఒక జాగా కావాలి. పక్కన కొత్త మనిషి ఉంటే దుప్పటి నోట్లో కుక్కుకోవాల్సి వస్తుంది. అలాంటివాళ్లు మొదటి కొన్ని నెలలు సింగిల్‌లో ఉంటానంటే నేను కాదనను. మూత్రం ఆపుకోలేక డైపర్లు వాడేవాళ్లు సిగ్గుపడి సింగిల్ అడుగుతారు, అదీ న్యాయమే. సొంతంగా మనిషిని పెట్టుకునేవాళ్లకైతే ఎట్లాగూ ఆ మనిషికి ఇంకో మంచం కావాలి. మతిమరుపు జబ్బు ముదిరి రాత్రంతా లేచి సామాను తీసి పెట్టేవాళ్లతో మాత్రం మామూలు మనిషిని కలిపి ఉంచొద్దు, ఇద్దరికీ మంచిది కాదు. వాళ్లకు సింగిల్ కూడా కాదు, రాత్రంతా కనిపెట్టుకునే మనిషి కావాలి.

అందుకే షేరింగ్ అనగానే సరే అనకుండా ఎవరితో అన్నది అడగండి. హోమ్‌వాళ్లు సాధారణంగా చదువు, ఉద్యోగం, శాకాహారమా మాంసాహారమా చూసి కలుపుతారు. నేను చూసిందేమంటే చదువు కలవకపోయినా ఫర్వాలేదు, పడుకునే టైము కలవాలి. తొమ్మిదికి పడుకునే మనిషినీ పన్నెండు దాకా రేడియో వినే మనిషినీ కలిపితే ఇద్దరూ మంచివాళ్లే అయినా నెలకే మాటలు బందవుతాయి. కొన్నాళ్లు ఉండి చూస్తా, కుదరకపోతే మార్చాలి అని ముందే మాట తీసుకోండి.

ఇంత చెప్పినా సింగిలే కావాలంటే తీసుకోండి, కానీ కొన్ని చూసుకుని. బాత్రూమ్ తలుపు బయటికి తెరుచుకోవాలి, గడియ బయటినుంచి కూడా తీయగలిగేది ఉండాలి. నేలమీద పడ్డా చేతికి అందేంత కిందికి తాడు బెల్లు ఉండాలి. కమోడ్ పక్కన, షవర్ దగ్గర పట్టుకోవడానికి కడ్డీలుండాలి. రాత్రంతా వెలిగే చిన్న లైటు పెట్టించుకోండి. లేచేటప్పుడు మంచం అంచున కాసేపు కూర్చుని, తర్వాతే నిలబడండి. పక్క రూమ్‌వాళ్లతో మాట పెట్టుకోండి, రాత్రి పడుకునేముందు ఒకసారి, పొద్దున లేవగానే ఒకసారి తలుపు కొట్టాలని. సెల్‌ఫోన్ చార్జింగ్‌లో వదిలేసి బాత్రూమ్‌కు పోవద్దు, మెడలో వేసుకునే సంచీ కుట్టించుకోండి.

ఖర్చు సంగతి. సింగిల్‌కు ఎక్కువ పడుతుందని అందరికీ తెలుసు, ఎంత ఎక్కువన్నది హోమ్‌ను బట్టి. ఒక చిన్న లెక్క మాత్రం చూసుకోండి. ఆదాయపు పన్ను చట్టం కింద రిజిస్టరైన ట్రస్టు నడిపే హోమ్‌లో, 60 నిండినవాళ్లకు భోజనం, వసతి అన్నీ కలిపి నెలకు 25,000 రూపాయల దాకా అయితే జీఎస్టీ ఉండదు. షేరింగ్ ఆ లోపు ఉండి సింగిల్ ఆ గీత దాటితే పన్ను కూడా కలుస్తుంది, అడిగి తెలుసుకోండి. షేరింగ్ తీసుకుంటే మిగిలే డబ్బు రాత్రి చూసుకునే మనిషికో, మందులకో పనికొస్తుంది.

డార్మిటరీలో రాత్రి తోడు బాగానే ఉంటుంది కానీ బీరువా తాళంచెవి తప్ప మనదంటూ ఏదీ ఉండదు, చేతిలో డబ్బు లేకపోతే తప్ప వద్దు. భార్యాభర్తలైతే ఇద్దరి రూమే, ఆలోచించేదేం లేదు. కాకపోతే ఒకరు పోయాక రెండో మంచానికి కూడా కట్టాలా అన్నది చేరకముందే అడగండి. హైదరాబాద్ శివార్లలో విల్లాల లాంటివి కూడా ఉన్నాయి, అవి ఇక్కడే చుట్టాల మధ్య ఉండాలనుకునేవాళ్ల కోసం కాదు.

హోమ్ చూడటానికి అందరూ ఆదివారం పగలు పోతారు, పిల్లల కార్లలో. వీలైతే రాత్రి ఎనిమిదిన్నరకు పోయి చూడండి. రాత్రి డ్యూటీలో ఎందరున్నారు, వాళ్లు ఎక్కడ పడుకుంటారు, మీ రూమ్ నుంచి బెల్లు కొడితే ఎంతసేపటికి వస్తారు, ఒకసారి కొట్టి చూపించమనండి. రాత్రి అవసరమొస్తే ఆస్పత్రికి తీసుకుపోయే బండి, డ్రైవర్ అక్కడే ఉంటారా అని కూడా అడగండి. డిపాజిట్ ఎంత, షేరింగ్ నుంచి సింగిల్‌కు గానీ అటునుంచి ఇటు గానీ మారితే అదెట్లా సర్దుతారు, వెళ్లిపోతే ఎన్ని రోజుల్లో ఇస్తారు అన్నది కాగితం మీద రాయించుకోండి. తర్వాత ఏదన్నా ఇబ్బందొచ్చి ఎవరిని అడగాలో తెలియకపోతే పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567 ఉంది, డబ్బులు పడవు. మా హోమ్‌లో ఆ నంబర్‌ను వరండా గోడమీద పెద్ద అక్షరాలతో రాయించాం, మీరు చేరబోయే చోట లేకపోతే రాయించమనండి.