తొలి పదును ఎప్పుడు? కార్తె నమ్మాలా, వాతావరణ శాఖ మాట వినాలా, నోటుబుక్కు తిరగేయాలా?

రోహిణి కార్తె ఎండకు రోళ్ళు పగిలే రోజుల్లో తిరుపతి దగ్గర చంద్రగిరి చుట్టుపక్కల ఏ రచ్చబండ దగ్గర నిలబడినా ఒకటే మాట: "ఈ ఏడు తొలి వాన ఎప్పుడు పడతాదో?" వాననే నమ్ముకుని చెనక్కాయలు వేసే ఇంట్లో ఇది ఊసుపోక అడిగే మాట కాదు. విత్తనాలు కొని, ఒలిచి, గింజలు సిద్ధం చేసుకుని, పదును కోసం, అంటే విత్తడానికి సరిపడా తడి కోసం, ఆకాశం వైపు చూస్తుంటాం.

పెద్దవాళ్ళ లెక్క కార్తెలది. జూన్ 8 ప్రాంతంలో మృగశిర, 22 ప్రాంతంలో ఆరుద్ర. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులే కార్తె. తరతరాలుగా వానలు గమనించి కూర్చిన జ్ఞానం కాబట్టి నాకు గౌరవం ఉంది. కానీ ఇందులో ఒక చిక్కుంది. నక్షత్రాల లెక్కన వచ్చే ఏడాది, రుతువుల ఏడాది కంటే దాదాపు 20 నిమిషాలు ఎక్కువ. అందుకే దాదాపు 70 ఏళ్ళకు ఒక రోజు చొప్పున కార్తె ఆలస్యమవుతుంది. వెయ్యేళ్ళ నాటి సామెత ఏదైనా ఉంటే, అది ఈపాటికి ఒక కార్తె మేర తప్పినట్టే. పైగా మన కాలంలో కార్తె ఏటా దాదాపు అదే తేదీకి వస్తుంది, వాన అలా రాదు.

వాతావరణ శాఖ ఏప్రిల్‌లో చెప్పే అంచనా వేరే రకం. 1886లో ఆ శాఖ తొలి అధిపతి బ్లాన్‌ఫర్డ్ హిమాలయాల మీద మంచు ఎంత పేరుకుందో చూసి ఆ ఏటి వానలను ఊహించేవాడు. మంచు ఎక్కువైతే వాన తక్కువన్నది ఆయన లెక్క. ఇప్పుడు సముద్రాల వేడి, కంప్యూటర్ల నమూనాలు వచ్చాయి. అయినా ఏప్రిల్ అంచనా ముందుగా చెప్పేది దేశం మొత్తానికి, జూన్ నుంచి సెప్టెంబరు దాకా. సగటు 87 సెంటీమీటర్లలో ఎంత శాతం అన్నది విని నా చేనులో విత్తలేను. 2015లో పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్‌నినో వల్ల నైరుతి వానలు దేశంలో 14 శాతం తగ్గాయి. అదే ఏడు నవంబరులో మన తిరుపతి వైపు కుండపోత. మనకు ఈశాన్య రుతుపవనాలు కూడా ఉన్నాయని ఆ ఒక్క అంకె చెప్పదు.

అదే శాఖ మంగళ, శుక్రవారాల్లో ఇచ్చే అయిదు రోజుల సమాచారం మాత్రం బాగా పనికొస్తుంది. మేఘదూత్ యాప్‌లో తెలుగులోనే చదువుకోవచ్చు. అయితే అది జిల్లాకు చెప్పేది. జూన్‌లో ఇక్కడ పడేవి ఎద్దుకు ఒక కొమ్ము తడిసి ఇంకో కొమ్ము తడవని ఉరుముల వానలు.

ఇక మా నాన్న నోటుబుక్కు. అట్టలు ఊడిపోయి, దారంతో కట్టి ఉంటుంది. వాన పడిన తేదీ, ఎంత పడింది, ఎన్నాళ్ళకు మళ్ళీ పడింది, ఈ మూడే రాసేవాడు. ఒక ఏడు మృగశిరలోనే మంచి వాన పడితే సంబరంగా విత్తేశాం. మొలకలు బంగారంలా వచ్చాయి. తర్వాత మూడు వారాలు చుక్క లేదు. ఆ చేను ఎండిపోతుంటే మా అమ్మ గట్టు మీద కూర్చుని ఉండడం ఇప్పటికీ కళ్ళ ముందుంది. ఆ పేజీలో నాన్న "తొందరపడ్డాం" అని మాత్రం రాశాడు.

ఆ పుస్తకం నేర్పింది ఇదే: చెనక్కాయకు కావాల్సింది తొలి వాన తేదీ కాదు, రెండో వాన ఎప్పుడన్నది. ఆ ఎడం కార్తె చెప్పదు, ఏప్రిల్ అంచనా చెప్పదు. సొంత లెక్కలే చెబుతాయి. అందుకే నా ఓటు నోటుబుక్కుకి, దాని పక్కన అయిదు రోజుల సమాచారానికి. కార్తె విత్తనాలు సిద్ధం చేసుకోవడానికి చాలు.

నోటుబుక్కు లేనివాళ్ళు ఈ ఏడే మొదలుపెట్టండి. అడుగు చదునుగా, అంచులు నిటారుగా ఉన్న డబ్బా ఒకటి చెట్టు నీడ పడని చోట పెట్టి, పొద్దున్నే స్కేలుతో కొలవండి. తర్వాత చేనులో జానెడు లోతు తవ్వి, పిడికెడు మట్టి బిగించి చూడండి. ముద్ద కట్టి, వేలితో పొడిస్తే విడిపోవాలి. అది పదును.