మా ఫుడ్ ప్యాంట్రీకి 4 స్టార్లు, ఐదోది సాయంత్రాలు కూడా తెరిస్తే

అమెరికాలో ఫుడ్ ప్యాంట్రీలంటే ఇబ్బందుల్లో ఉన్నవాళ్లకి ఉచితంగా సరుకులిచ్చే చోట్లు. చాలా వాటిల్లో ముందే కట్టేసిన పెట్టె చేతిలో పెట్టి పంపిస్తారు, అందులో ఏముంటే అదే మన ప్రాప్తం. నేను వలంటీరుగా వెళ్లే ప్యాంట్రీలో అలా కాదు, బండి తోసుకుంటూ అరల మధ్య తిరిగి ఎవరికి కావలసింది వాళ్లే తీసుకోవచ్చు. షుగర్ ఉన్న పెద్దాయన ఒకరు పాకంలో ఊరిన పండ్ల డబ్బాలు వదిలేసి ఎండు చిక్కుడు గింజలు తీసుకున్నారు, ఆయన వెనకావిడ పాస్తా వద్దు, మొక్కజొన్న పిండి ఉందా అని అడిగింది, ఎవరూ మొహం చిట్లించలేదు. పేరు, జిప్ కోడ్, ఇంట్లో ఎంతమంది, అంతే అడుగుతారు. జీతం కాగితాల ఊసే ఎత్తరు.

నాకు అన్నిటికంటే నచ్చింది తలుపు పక్కనే పెట్టిన ఓటరు నమోదు బల్ల. తిండి పంచే చోట ఓట్ల గోలేంటని కొత్తగా వచ్చిన వలంటీరు గొణిగాడు గానీ, ఈ దేశంలో ఆ రెండూ విడిగా ఉన్నదెప్పుడు? 1962లో మిసిసిపీలోని లెఫ్లోర్ కౌంటీలో నల్లజాతి వాళ్లు ఓటు నమోదుకు కదలగానే కౌంటీ వాళ్లు పేదలకిచ్చే ఫెడరల్ ప్రభుత్వ ఆహార సరుకుల పంపిణీ ఆపేశారు, అప్పుడు ఎస్‌ఎన్‌సీసీ అనే విద్యార్థుల పౌరహక్కుల సంఘం కుర్రాళ్లు బయటి ఊళ్ల నుంచి తిండి తెప్పించి పంచుతూనే నమోదు పని కూడా సాగించారు. ఆకలితో కొట్టడం అంటే అదీ. 1969లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో బ్లాక్ పాంథర్లు అనే నల్లజాతి హక్కుల పార్టీ వాళ్లు బడి పిల్లలకు పొద్దున్నే ఉచితంగా టిఫిన్ పెట్టడం మొదలుపెట్టారు, అదే ఏడాది పౌరహక్కుల నాయకురాలు ఫ్యానీ లూ హేమర్ మిసిసిపీలో పేదలే పండించుకు తినేలా ఫ్రీడమ్ ఫార్మ్ పెట్టారు. ఇదంతా పాత కథ అనుకునేవాళ్లకి ఒక లెక్క: 2023లో తిండికి ఇబ్బంది పడ్డ ఇళ్లు తెల్లవాళ్లలో 9.9 శాతం, నల్లజాతి వాళ్లలో 23.3 శాతం, ఇది వ్యవసాయ శాఖ చెప్పిందే.

ఇక స్టార్ ఎందుకు కోశానంటే, టైమింగ్స్. వారం మధ్యలో, అదీ పొద్దుటిపూట మాత్రమే తెరుస్తారు. లైన్లో సగం మంది నర్సింగ్ హోమ్ స్క్రబ్స్‌లోనో, గోడౌన్ జాకెట్లలోనో ఉంటారు, షిఫ్టు వదులుకుని వస్తే ఆ గంటల జీతం పోయినట్టే, ఫెడరల్ కనీస వేతనం చూస్తే 2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. పని చేసేవాళ్ల ఆకలి గురించి ఇంత బాగా ఆలోచించినవాళ్లకి ఇది తట్టకపోవడమేంటో! కమిటీకి చెప్పాను, వలంటీర్లు దొరకట్లేదన్నారు. సాయంత్రాలు ఖాళీ ఉన్నవాళ్లు పేరిచ్చేయండి.

అన్నట్టు, తిండి సరుకులు కొనుక్కోడానికి ప్రభుత్వం పేదలకిచ్చే స్నాప్ కార్డు మీద డైపర్లు, సబ్బులు రావు కదా, అవి ఇక్కడ చివరి అరలో ఉంటాయి. తెరిచిన కాసేపటికే అయిపోతాయి, ముందు అటే వెళ్లండి.